వీఆర్ డబ్బాకు రెండు స్టార్లు, ఫ్యాన్ల వీడియోకు నాలుగున్నర

నల్లగొండ ప్రకాశం బజార్ దగ్గర నాది చిన్న సెల్‌ఫోన్ రిపేర్ షాపు. పగిలిన డిస్‌ప్లేలు, ఉబ్బిన బ్యాటరీలు, బావిలో పడి బియ్యం డబ్బాలో తేలిన ఫోన్లు, పొద్దంతా ఇదే పని. కాబట్టి ఇక్కడ ఫోన్ గురించి రాసేది కొంచెం నమ్మొచ్చు. పిల్లల గురించి రాసేది మాత్రం మా చిన్నోడు ఒక్కడి సంగతే. వాడికి తొమ్మిదేళ్ళు. ఆటిజం. మాటలు తక్కువ. ఇంకో ఆటిజం పిల్లగాడికి ఇదంతా తలకిందులు కావచ్చు.

ఈ రివ్యూలో ఉన్నవి నాలుగు. ఆన్‌లైన్‌లో 549 రూపాయలకు కొన్న వీఆర్ డబ్బా, అంటే ఫోన్ లోపల పెట్టి కళ్ళకు కట్టుకునేది. 880 రూపాయల పిల్లల ఇయర్ మఫ్స్, అంటే సప్పుడు తగ్గడానికి చెవుల మీద పెట్టుకునేవి. ఫోన్లో పైసా ఖర్చు లేకుండా వేసుకున్న టైమర్ యాప్. పెళ్ళిళ్ళ వీడియోలు తీసే దోస్తు దగ్గర రెండు రోజులకు అడుక్కొచ్చిన 360 డిగ్రీల కెమెరా, అంటే చుట్టూ, పైనా, కిందా అన్నీ ఒకేసారి తీసేది.

ఎందుకు కొన్నానంటే, మా పెద్దమ్మాయి కోలాటం కోసం.

పోయిన ఏడు స్కూల్ వార్షికోత్సవం ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. నలుగురం పోయాం, అక్క స్టేజీ వెనక్కి పోతే మేం ముగ్గురం ముందు వరుసలో కూర్చున్నాం, అక్కను దగ్గరగా చూస్తాడులే అని. అదే మా మొదటి తప్పు. లైట్లు బంద్ అయ్యాయి, స్పీకర్లోంచి మొదటి దెబ్బ పడింది, చిన్నోడు రెండు చేతులతో చెవులు మూసుకుని కుర్చీ కిందికి దూరాడు. తన చెయ్యి తానే కొరుక్కున్నాడు. వెనకామె "పిల్లగాన్ని గట్లనే పెంచుతరా" అన్నది. ఇద్దరం వాణ్ణి ఎత్తుకుని బయట ఆటోలో కూర్చున్నాం. లోపల బిడ్డ ఆడుతూ మా కోసం చూస్తే మూడు ఖాళీ కుర్చీలు కనిపించాయట. రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు, "డాడీ, తమ్మున్ని మీరు పట్టుకొని ఇంట్ల ఉంటే అమ్మన్న వస్తుండె కదా" అన్నది.

ఈ ఏడు మా ఆమె ఒకటే మాట చెప్పింది. పోతే నలుగురం పోవాలి. వార్షికోత్సవానికి అప్పటికి ఇంకా ఏడు వారాలుంది.

ముందు వీఆర్ డబ్బా సంగతి. ప్రకటన చూస్తే ఇంట్లోనే థియేటర్ దిగొచ్చినట్టుంది. నా ఆలోచన ఏమిటంటే, హాల్‌ను ముందే 360 వీడియో తీసి డబ్బాలో పెట్టి చూపిస్తే, ఆ రోజు వాడికి అది కొత్త జాగా కాదు. ఆలోచన తప్పు కాదు. డబ్బానే తప్పు.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఇందులో మనం తల తిప్పితే బొమ్మ కూడా తిరగాలంటే ఫోన్లో గైరోస్కోప్ సెన్సర్ ఉండాలి. తక్కువ ధర ఫోన్లలో చాలా వాటికి అది ఉండదు. డబ్బా మీద ఆ ముక్క చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. మా ఆమె ఫోన్లో పెడితే తల ఎటు తిప్పినా స్టేజీ ముఖానికి అతుక్కునే ఉంది. నాకే కళ్ళు తిరిగాయి. మీ ఫోన్లో ఉందో లేదో సెన్సర్ టెస్ట్ యాప్ ఏదైనా వేస్తే నిమిషంలో తెలుస్తుంది. నా ఫోన్లో ఉంది కాబట్టి పని జరిగింది. కానీ ఫోన్ బరువు, డబ్బా బరువు కలిసి ముక్కు మీద కూర్చుంటాయి. వెనక ఎలాస్టిక్ పట్టీ జుట్టును లాగుతుంది. తల దువ్వించుకోవడానికే ఇల్లంతా ఉరికే పిల్లగాడు ఆ పట్టీ కట్టనిస్తాడా? మొదటిసారి మూడు సెకన్లు. రెండోసారి డబ్బా గోడకు తగిలింది. పెద్ద కంపెనీల హెడ్‌సెట్ల మీద పన్నెండు, పదమూడేళ్ళ లోపు పిల్లలకు వద్దని రాసి ఉండటం నేను చూశాను. దీని మీద అయిదేళ్ళ పిల్ల నవ్వుతున్న ఫోటో ఉంది!

పట్టీ కత్తిరించి పారేశాను. అప్పుడు చిన్నోడు దాన్ని చేతుల్తో పట్టుకుని, జాతరలో బయోస్కోపు చూసినట్టు, పది సెకన్లు చూసి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. రెండు స్టార్లు ఇస్తున్నది ఆ పది సెకన్లకే.

ఇప్పుడు అసలు సరుకు, వీడియో. హాల్ ఆయనను బతిమాలి ఒక పొద్దున ఖాళీ హాల్లో తీశాం. మా దోస్తు స్టాండ్‌ను మనిషి ఎత్తులో పెడితే, నేను దించి మూడున్నర అడుగులకు పెట్టించాను, కూర్చున్న పిల్లగాడి కంటి ఎత్తుకు. "గింత కిందికి పెడ్తే ఏం కనపడ్తదన్నా, కుర్చీల వీపులు తప్ప" అన్నాడు. అవును, వాడికి కనపడేవి కుర్చీల వీపులే. గేటు నుంచి ఒకటి, తలుపు దగ్గర ఒకటి, చివరి వరుస పక్క కుర్చీలో ఒకటి, లైట్లు బంద్ చేసి ఒకటి, మళ్ళీ వేసి ఒకటి. ఒక్కోటి రెండు నిమిషాలు. చేతులు కడుక్కునే జాగా కూడా తీశాం. అక్కడ చేతులు ఆరబెట్టే మిషన్ ఉంటే దాని మోత ముందే తెలియాలని పోయి చూశాను. లేదు, బతికిపోయాం.

మేము స్టేజీని చూపించాలని ఇంత తతంగం చేస్తే, వాడు స్టేజీ వైపు చూడనే లేదు. మొదటి రోజే వీడియోను పైకి తిప్పాడు. ఫ్యాన్లు. నాలుగు వరుసలు, వరుసకు తొమ్మిది. మూడో వరుసలో ఒకటి తిరగడం లేదు. నేను అరగంట ఆ హాల్లో ఉండి కూడా గమనించలేదు. వాడు దాని మీద వేలు పెట్టి "తిరగదు" అన్నాడు. తర్వాత వారం రోజులు మా ఇంట్లో ఇదే సినిమా. పైకి, ఫ్యాన్లు, మూడో వరుస, "తిరగదు". మా ఆమె తల పట్టుకుంది. నాకు మాత్రం అప్పుడు బుర్ర వెలిగింది. మామూలు వీడియో తీసి ఉంటే నేను చూపించినదే వాడు చూసేవాడు. ఇందులో వాడు ఏం చూస్తాడో నాకు తెలిసింది. ఆ హాల్లో వాడికి పట్టు దొరికే జాగా స్టేజీ కాదు, కప్పు. మరి అయితే కప్పు బాగా కనపడే కుర్చీ ఏదో వెతకాలి.

ఇంకో మాట, ఈ వీడియో చూడ్డానికి డబ్బా అక్కర్లేదు. ఫోన్లో వేలితో జరిపినా నాలుగు దిక్కులూ తిరుగుతుంది. దానికి గైరోస్కోప్ కూడా అవసరం లేదు. కెమెరా కొనమని మాత్రం చెప్పను, వేలకు వేలు. పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ల దగ్గర ఈమధ్య ఉంటున్నాయి, అడిగి చూడండి. ఖాళీ హాల్ తీయండి, మందిని తీయకండి. వేరే వాళ్ళ పిల్లల ముఖాలు మన ఫోన్లో ఎందుకు?

వీడియోతో పాటు బొమ్మల కథ ఒకటి చేశాం. ఇది భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే కేంద్రంలో, పిల్లలకు నేర్పే మేడం చెప్పిన ఉపాయం. కరోల్ గ్రే అనే అమెరికా టీచర్ 1990ల మొదట్లో మొదలుపెట్టిన పద్ధతట, సోషల్ స్టోరీ అంటారు. జరగబోయేది పిల్లవాడి వైపు నుంచి చిన్న చిన్న మాటల్లో చెప్పడం. మా ఆమె మొదట రాసింది ఇది: "అల్లరి చేయొద్దు. ఏడ్వొద్దు. అందరి ముందట ఇజ్జత్ తియ్యొద్దు." మేడం నవ్వి, మూడు లైన్లూ కొట్టేసి, "ఇది మీ టెన్షనమ్మా, వాని కథ కాదు" అన్నది. మళ్ళీ రాసిన దానికి పెద్దమ్మాయి గొంతు ఇచ్చింది: "నేను పెద్ద హాలుకు పోతా. అక్కడ మస్తు మంది ఉంటరు. లైట్లు బంద్ అయితయి. చీకటి ఉంటది. మళ్ళ లైట్లు వస్తయి. సప్పుడు ఎక్కువైతే చెవులకు మఫ్ పెట్టుకుంటా. బయటికి పోవాల్నంటే డాడీకి కార్డు చూపిస్తా." ఏడు ఫోటోలు, ఏడు మాటలు. ఫోన్ గ్యాలరీలో ఒక ఆల్బమ్, అంతే. దీనికి యాప్ కొనాల్సిన పని లేదు.

మఫ్స్ సంగతి. "నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ తీసుకోరాదే అన్నా" అని షాపుకొచ్చే వాళ్ళు చాలామంది అన్నారు. నేను అమ్మేవాణ్ణే, అయినా చెప్తున్నా. అది బస్సు ఇంజిన్, ఏసీ, విమానం లాంటి ఒకే తీరు గుంయ్యిమనే మోతకు పనికొస్తుంది. లోపలి మైకు బయటి సప్పుడును విని, దానికి ఎదురు అలను పుట్టించి కొట్టేస్తుంది. అకస్మాత్తుగా వచ్చే డప్పు దెబ్బ, చప్పట్లు, విజిళ్ళ దగ్గర దాని పప్పులు ఉడకవు. కోలాటం అంటేనే కట్టె కట్టెకు తగలడం. కాబట్టి నురుగు, ప్లాస్టిక్ ఉన్న మామూలు మఫ్సే మేలు. మా మఫ్స్ వచ్చిన అట్టపెట్టె మీద 25 డెసిబెల్స్ (సప్పుడు కొలత) తగ్గిస్తుందని ఉంది. అది లాబొరేటరీ లెక్క. మధ్యలో జుట్టు అడ్డం వచ్చినా, సరిగ్గా కూర్చోకున్నా అంత రాదు. అయినా ఫరవాలేదు, పది తగ్గితేనే చెవికి సప్పుడు దాదాపు సగమైనట్టు ఉంటుంది.

ముందు డబ్బులు మిగుల్తాయని హార్డ్‌వేర్ షాపులో పెద్దవాళ్ళవి తెచ్చాను, గ్రానైట్ కోసేవాళ్ళు పెట్టుకునేవి. తల చిన్నది, జారిపోయాయి. పిల్లల సైజే కొనండి. లోపం ఏమిటంటే మన ఎండలకు చెవుల చుట్టూ చెమట పోసి, దురద పెట్టి తీసేస్తాడు. ఉతికిన పాత కాటన్ బనియన్ ముక్క చుట్టి రబ్బర్ బ్యాండు వేశాం. మేడం ఇంకో మాట చెప్పింది, పొద్దస్తమానం పెట్టి ఉంచొద్దని. అలవాటైతే మామూలు సప్పుడు కూడా భరించలేకుండా అవుతారట. అవసరానికి పెట్టుకుని, తీసి, మెడలో వేసుకోవాలి. నాలుగు స్టార్లు.

సప్పుడు అలవాటు చేయడానికి పెద్దమ్మాయి కోలాటం ప్రాక్టీసు, చివర చప్పట్లతో సహా రికార్డు చేసి వాడికే ఇచ్చాం. వాల్యూమ్ బటన్ వాడి చేతిలో. మేము పెంచలేదు. మొదటి వారం రెండు గీతలు, నాలుగో వారానికి సగం దాటింది. కానీ ఫోన్ స్పీకర్‌కు ఒక గుణం ఉంది, అది గొంతు వినిపిస్తుంది కానీ గుండెల్లో దడ వినిపించదు. పెద్ద బాక్సుల బేస్ చెవికి కాదు, ఛాతీకి తగుల్తుంది. ఎంత మంచి ఫోనైనా దాన్ని చూపించలేదు. టెంట్ హౌస్ నడిపే దోస్తు దగ్గరికి తీసుకుపోయాను. గోదాములో ఒక బాక్సు మెల్లగా పెట్టాడు. చిన్నోడు దూరంగా నిలబడి చూసి చూసి, చివరికి వచ్చి అరచెయ్యి దాని జాలీ మీద పెట్టాడు. దడ చేతికి తగిలింది. చెయ్యి తీశాడు, మళ్ళీ పెట్టాడు. తర్వాత చెంప ఆనించాడు. ఆ రోజు వాణ్ణి అక్కణ్నుంచి తీసుకురావడానికి గంట పట్టింది.

ఇదంతా చేస్తూ ఇంటర్నెట్‌లో వెతికితే ఒక సంగతి కనపడ్డది. న్యూయార్క్‌లో నాటకశాలలకు పేరుపడ్డ బ్రాడ్‌వేలో 2011 అక్టోబరులో మొదటిసారి ఆటిజం పిల్లల కుటుంబాల కోసమే ఒక ఆట వేశారట. సౌండు తగ్గించి, కళ్ళల్లో కొట్టే లైట్లు తీసేసి, బయట నిమ్మళంగా కూర్చునే జాగా పెట్టి, ముందుగానే బొమ్మల కథ ఇచ్చి. లేచి తిరిగినా ఎవరూ ఏమనరు. చదువుతుంటే నాకు మా అత్తగారి ఊళ్ళో చిరుతల రామాయణం, అంటే చేతుల్లో చిరుతలు వాయిస్తూ ఆడే ఊరి నాటకం, కళ్ళ ముందు మెదిలింది. నకిరేకల్ అవతల చిన్న ఊరు. అక్కడ టికెట్టు లేదు, తలుపు లేదు. మనిషి చాప తెచ్చుకుంటాడు, దూరం కావాలంటే చాపను వెనక్కి జరుపుకుంటాడు. పిల్లలు నడుమ నిద్రపోతారు, ముసలోళ్ళు ఛాయ తాగి మళ్ళీ వస్తారు, రాముడి వేషగాడు బీడీ కాల్చుకుని వచ్చి అడవికి పోతాడు. బ్రాడ్‌వే వాళ్ళు చిట్టీలు రాసుకుని చేసింది మా అత్తమ్మ వాళ్ళ ఊరు ఊరికే చేస్తున్నది.

అందుకే ఫంక్షన్ హాల్ కంటే ముందు అక్కడికి తీసుకుపోయాం. చిరుతల సప్పుడు కోలాటం కర్రలకు దగ్గరగా ఉంటుంది. మొదట బర్రెల కొట్టం దగ్గర నిలబడ్డాం, అంత దూరం. గంటకు వేపచెట్టు దాకా వచ్చాం. అత్తమ్మ "నా మనుమడు చెవులకు గదేందిరా, రేడియోనా" అని మఫ్స్ తీయబోతే మా ఆమె అడ్డుపడింది. వాడు చూసింది ట్యూబ్‌లైట్ చుట్టూ తిరిగే పురుగుల్నే, అయినా రెండు గంటలు ఉన్నాడు.

టైమర్ యాప్‌కు ఒక స్టారు, అదీ దయతో. ఎర్ర చక్రం తగ్గుతూ పోతుంది, అయిపోగానే అక్క వస్తుంది అని నేర్పాం. ఇంట్లో ప్రాక్టీసు చేసినప్పుడు అద్భుతం. వార్షికోత్సవం రోజు ఆరింటికి అన్నారు. చక్రం పెట్టాను. ముఖ్య అతిథి రాలేదు. చక్రం అయిపోయింది, అక్క రాలేదు. వాడు ఫోన్ వంక, స్టేజీ వంక, నా వంక చూశాడు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అయిపోయింది. మూడోసారి ఫోన్ లాగి విసిరేశాడు, గావుకేక పెట్టాడు. తప్పు వాడిది కాదు, అబద్ధమాడింది మేము. ఇంకా మిగిలినవి చూడండి: అతిథి వచ్చాక జ్యోతి వెలిగించుడు, పూలగుత్తులు, శాలువాలు, మెమెంటోలు, ఒక్కొక్కరికి ఫోటో. చీకటికి తయారు చేశాం, చప్పట్లకు తయారు చేశాం, గుండె దడకు తయారు చేశాం. శాలువాలకు తయారు చేయలేదు! పన్నెండు శాలువాలు. నేను లెక్కపెట్టాను.

అప్పుడు పనికొచ్చింది యాప్ కాదు. మా ఆమె బ్యాగులోంచి ఎవరిదో పెళ్ళి పత్రిక తీసి, చించి, వెనకాల పెన్నుతో అరుగు మీద కూర్చున్న ఒక మనిషి బొమ్మ గీసింది. కింద "ఆగుడు" అని రాసి వాడి చేతిలో పెట్టింది. "ఇప్పుడు ఆగుడు. ఎంతసేపో అమ్మకు ఎరుక లేదు. ఆగుడు అయినంక అక్క." ముగ్గురం బయట ఆటో దగ్గరికి పోయాం. వాడు కార్డు మడిచాడు, విప్పాడు, మడిచాడు. మీరు ఇంట్లో కథ తయారు చేసుకుంటే ఈ కార్డు మొదటి రోజు నుంచే అందులో కలపండి. మన దగ్గర ఏ ఫంక్షన్‌కైనా సగం భాగం అదే.

ఎనిమిదీ నలభైకి పెద్దమ్మాయి వాళ్ళ పేరు పిలిచారు. మఫ్స్ పెట్టుకుని తలుపు దగ్గరికి వచ్చాడు. చివరి వరుస, పక్క కుర్చీ, వీడియోలో ఉన్నదే. కూర్చోలేదు, పట్టుకుని నిలబడ్డాడు. తల పైకెత్తాడు. వరుసలు చూసుకుంటూ పోయి మూడో వరుస దగ్గర ఆగాడు. ఫ్యాను ఇంకా బాగు చేయలేదు. "తిరగదు" అన్నాడు, భుజాలు కిందికి దిగాయి. హాల్ ఆయన బద్ధకానికి ఆ పూట దండం పెట్టాలనిపించింది.

కోలాటం ఏడు నిమిషాలు. మూడు నిమిషాలు ఫ్యాన్లు చూశాడు. తర్వాత కర్రల సప్పుడు తెలిసిన దగ్గరికి వచ్చినట్టుంది, ఫోన్లో నాలుగు వారాలు విన్నదే కదా, ఎడమ వైపు మఫ్ ఒక్కటి చెవి మీది నుంచి కొంచెం పక్కకు జరిపాడు. తల దించి ముందుకు చూశాడు. చప్పట్లు మొదలవగానే మళ్ళీ మూసుకుని నా చొక్కా పట్టుకున్నాడు. బయటికి వచ్చేశాం. ఈసారి బిడ్డ చూసినప్పుడు తలుపు దగ్గర మేం ముగ్గురం ఉన్నాం.

కెమెరా దోస్తుకు ఇచ్చేశాను. డబ్బా షాపులో అరలో ఉంది, ఎవరికైనా కావాలంటే ఉచితం, పట్టీ లేదు. వీడియో మాత్రం చిన్నోడు ఫోన్లోంచి తీయనివ్వడం లేదు. మర్నాడు పొద్దున పళ్ళు కూడా తోముకోకుండా ఫోన్ అడిగాడు. పైకి జరిపాడు, ఫ్యాన్లు. తర్వాత మొదటిసారి వేలితో కిందికి లాగి స్టేజీ దగ్గర ఆపాడు. ఖాళీ స్టేజీ. కాసేపు చూసి నా వైపు తిరిగి, "అక్క ఏది?" అన్నాడు. వచ్చే ఏడు కెమెరా మళ్ళీ అడగాలి, ఈసారి వీళ్ళ రిహార్సల్ ఉన్న రోజున.